ప్రజలు అంటే ఎవరు? తొలినాటి అమెరికా రాజకీయ చింతనలో రాష్ట్రాల సార్వభౌమత్వం, జాతీయ భావన

ఒక రాజకీయ సమాజంలో ఆఖరి మాట ఎవరిది అన్న ప్రశ్నకు జవాబుగా రాజనీతిశాస్త్రం రూపొందించిన భావన సార్వభౌమాధికారం. తనపైన మరో అధికారాన్ని ఒప్పుకోని, తన నిర్ణయాన్ని మరెవరూ కొట్టివేయలేని పరమాధికారమని దాని అర్థం. ఆ ఆఖరి మాట పదమూడు రాష్ట్రాలలో ఒక్కొక్కదానికీ విడివిడిగా ఉన్నదా, లేక అవన్నీ కలిసి ఏర్పడిన ఒకే జాతికి ఉన్నదా అన్న వాదం 1776లో అమెరికా స్వాతంత్ర్య ప్రకటనతో మొదలై, రాజ్యాంగంపై సంతకం చేసినవారిలో అందరికన్నా చివర మిగిలిన జేమ్స్ మాడిసన్ 1836లో కన్నుమూసేనాటికి కూడా తేలలేదు. తేలని ఆ వాదమే పాతికేళ్ల తరవాత, 1861లో, యుద్ధభూమికి చేరింది.

ఈ ఉపన్యాసం ఆ అరవై ఏళ్ల వాదాన్ని దాని సొంత కాలంలో, సొంత పరిభాషలో పరిశీలిస్తుంది. ఇక్కడ ప్రతిపాదించే విషయం ఒక్కటే: అమెరికా రాజ్యాంగ నిర్మాతలు సార్వభౌమాధికారాన్ని ప్రభుత్వాల చేతిలోంచి తీసి ప్రజల చేతిలో పెట్టడం ద్వారా పాత చిక్కును విప్పగలిగారు గాని, ఆ ప్రజలు ఎవరన్నది మాత్రం చెప్పకుండా వదిలేశారు, తరవాతి చరిత్రలో రాష్ట్రాల హక్కు, జాతీయ అధికారం అన్న రెండు సిద్ధాంతాలూ స్వేచ్ఛకు అండగా నిలిచాయా, దాస్యానికి కాపలా కాశాయా అన్నది నిర్ణయించింది ఆ వదిలేసిన విషయమే.

1. సామ్రాజ్యం నుంచి సంక్రమించిన చిక్కు

సార్వభౌమాధికారం అవిభాజ్యమని, దాన్ని ఇద్దరికి పంచితే అది పరమాధికారం కాకుండా పోతుందని ఫ్రెంచి చింతకుడు జీన్ బోడిన్ 1576లో వెలువరించిన గ్రంథంలో సిద్ధాంతీకరించాడు. ఇంగ్లాండులో 1688 నాటి విప్లవం తరవాత ఆ అధికారం రాజు, ప్రభువుల సభ, సామాన్యుల సభ మూడూ కలిసిన పార్లమెంటుకు చెందుతుందని స్థిరపడింది. 1765 నుంచి 1769 దాకా నాలుగు సంపుటాలుగా వచ్చిన విలియం బ్లాక్‌స్టోన్ న్యాయవ్యాఖ్యానం ఆ భావాన్ని అట్లాంటిక్ మహాసముద్రానికి ఇరువైపులా న్యాయవాదులకు పాఠ్యాంశంగా మార్చింది. ఒకే రాజ్యంలో రెండు పరమాధికారాలు ఉండడం తర్కానికి నిలవదని ఆనాటి విద్యావంతులు దాదాపు అందరూ నమ్మేవారు.

అమెరికా వలసరాజ్యాల నిత్యానుభవం మాత్రం ఇందుకు భిన్నంగా ఉండేది. వర్జీనియాలో 1619 నుంచే ఎన్నికైన సభ ఉన్నది. మిగతా వలసరాజ్యాలు కూడా తమ తమ సభల ద్వారా పన్నులు వేసుకుంటూ, స్థానిక వ్యవహారాలు చక్కబెట్టుకుంటూ తరాలు గడిపాయి. అందుకే 1765లో బ్రిటిష్ పార్లమెంటు స్టాంపుల చట్టం ద్వారా నేరుగా పన్ను వేసినప్పుడు తొమ్మిది వలసరాజ్యాల ప్రతినిధులు న్యూయార్క్‌లో సమావేశమై నిరసన తెలిపారు. మరుసటి ఏడు పార్లమెంటు ఆ చట్టాన్ని రద్దు చేసింది గాని, అన్ని విషయాలలోనూ వలసరాజ్యాలను శాసించే హక్కు తనకున్నదని వేరొక చట్టంలో ప్రకటించుకున్నది. పార్లమెంటు పరమాధికారానికీ, వలసరాజ్యాల పూర్తి స్వాతంత్ర్యానికీ మధ్య గీయగలిగిన గీత ఏదీ లేదని మసాచుసెట్స్ గవర్నరు థామస్ హచిన్సన్ 1773లో అక్కడి శాసనసభకు చెప్పినప్పుడు, ఆయన బోడిన్, బ్లాక్‌స్టోన్ తర్కాన్నే వినిపించాడు. నడిమి మార్గం లేదన్న ఆ మాటను సభ తన వాదానికే వాడుకున్నది. రెండింటిలో ఒకటే ఎంచుకోవలసి వస్తే తమకు పార్లమెంటు అధికారం వర్తించదని తేల్చుకోవలసి ఉంటుందని జవాబిచ్చింది.

1774 నాటికి జేమ్స్ విల్సన్, థామస్ జెఫర్సన్ వంటివారు మరో అడుగు ముందుకు వేసి, వలసరాజ్యాలకు బ్రిటన్‌తో ఉన్న బంధం రాజు ద్వారా మాత్రమేనని, పార్లమెంటుకు అందులో పాత్ర లేదని రాశారు. ఈ వాదం ప్రకారం సామ్రాజ్యమంటే ఒకే రాజు కింద సమాన హోదాతో మెలిగే పలు శాసనసభల సముదాయం. 1776లో ఆ రాజునే కాదన్న తరవాత, పదమూడు సభలను ఒకదానితో ఒకటి కలిపి ఉంచే బంధం ఏమిటన్న ప్రశ్న సహజంగానే ముందుకు వచ్చింది.

2. పదమూడు రాజ్యాలా, ఒకే జాతా?

స్వాతంత్ర్య ప్రకటన ఈ ప్రశ్నకు రెండు జవాబులూ ఇచ్చింది. అది మొదటి వాక్యంలో ఒక ప్రజ మరొక ప్రజతో బంధం తెంచుకోవడం గురించి మాట్లాడుతుంది. చివరకు వచ్చేసరికి స్వేచ్ఛగల, స్వతంత్రమైన రాష్ట్రాలని బహువచనంలో ప్రకటిస్తుంది. అప్పటి వాడుకలో రాష్ట్రమంటే ఒక పెద్ద దేశంలోని పాలనా విభాగం కాదు. యుద్ధం చేయగల, సంధి కుదుర్చుకోగల సంపూర్ణ రాజ్యం. 1783లో పారిస్ ఒప్పందంలో బ్రిటిష్ రాజు అమెరికా స్వాతంత్ర్యాన్ని గుర్తించినప్పుడు కూడా పదమూడింటినీ పేరుపేరునా పేర్కొన్నాడు.

స్వాతంత్ర్య యుద్ధకాలంలో రూపొందిన తొలి రాజ్యాంగ పత్రమైన కాన్ఫెడరేషన్ అధికరణాలు ఈ బహువచనాన్నే చట్టంగా మార్చాయి. కాన్ఫెడరేషన్ అంటే సార్వభౌమ రాజ్యాలు తమ పరమాధికారాన్ని వదులుకోకుండా, రక్షణ వంటి ఉమ్మడి పనుల కోసం ఏర్పరచుకునే సంఘం. 1777లో రాష్ట్రాల ప్రతినిధుల ఉమ్మడి సభ అయిన కాంగ్రెస్ ఆమోదించి, 1781లో మేరీలాండ్ చివరిగా సంతకం చేయడంతో అమలులోకి వచ్చిన ఆ పత్రంలోని రెండో అధికరణం, ఉత్తర కరోలినా ప్రతినిధి థామస్ బర్క్ పట్టుబట్టి చేర్పించినది, ప్రతి రాష్ట్రమూ తన సార్వభౌమత్వాన్ని నిలుపుకుంటుందని స్పష్టం చేసింది. పెద్దదైనా చిన్నదైనా ఒక్కో రాష్ట్రానికి ఒక్కో ఓటు. ముఖ్య నిర్ణయాలకు తొమ్మిది రాష్ట్రాల సమ్మతి, సవరణలకు మొత్తం పదమూడింటి సమ్మతి కావాలి. కాంగ్రెస్‌కు పన్ను వేసే అధికారం లేదు. రాష్ట్రాలను అర్థించడమే తప్ప ఆజ్ఞాపించే వీలు లేదు.

ఈ ఏర్పాటులోని బలహీనత త్వరలోనే బయటపడింది. యుద్ధ రుణాలు తీర్చడానికి దిగుమతులపై అయిదు శాతం సుంకం వేసుకునే అధికారాన్ని కాంగ్రెస్ కోరగా, 1782లో రోడ్ ఐలండ్ అనే అతి చిన్న రాష్ట్రం ఒక్కటే కాదనడంతో ఆ ప్రతిపాదన పడిపోయింది. 1783లో మళ్లీ తెచ్చిన ప్రతిపాదనకు న్యూయార్క్ అడ్డుపడింది. 1786లో మసాచుసెట్స్‌లో అప్పులతో, పన్నులతో చితికిపోయిన రైతులు డేనియల్ షేస్ వంటివారి నాయకత్వంలో కోర్టులను మూయించినప్పుడు సహాయానికి పంపగల సైన్యం కాంగ్రెస్ చేతిలో లేకపోయింది.

అయితే ఇదే కాలంలో రాష్ట్రాలకు అతీతమైన ఒక భావన కూడా పెరుగుతూ వచ్చింది. జెఫర్సన్ తరం వర్జీనియావాసులు తమ దేశం అన్నప్పుడు వర్జీనియానే ఉద్దేశించడం మామూలు. ఆ అలవాటు మొదటిసారి గట్టిగా సడలింది సైనిక శిబిరాలలో. జార్జి వాషింగ్టన్, అలెగ్జాండర్ హామిల్టన్, జాన్ మార్షల్ ముగ్గురూ రాష్ట్రాల ఉమ్మడి సైన్యమైన కాంటినెంటల్ సైన్యంలో పనిచేసినవారే కావడం యాదృచ్ఛికం కాదు. వివిధ రాష్ట్రాలనుంచి వచ్చినవారితో కలిసి ఒకే ప్రయోజనం కోసం ప్రాణాలకు తెగించడం వల్లే అమెరికాను తన దేశంగా, కాంగ్రెస్‌ను తన ప్రభుత్వంగా భావించడం తనకు అలవాటయిందని మార్షల్ వృద్ధాప్యంలో రాసుకున్నాడు. అమెరికా జాతీయ భావన పూర్వీకులనుంచి రక్తంలో సంక్రమించింది కాదు, కలిసి పడిన కష్టంలోంచి పుట్టింది అనడానికి ఆయన సాక్ష్యం చాలా విలువైనది.

3. ఫిలడెల్ఫియా పరిష్కారం

1787 మే 25 నుంచి సెప్టెంబరు 17 దాకా ఫిలడెల్ఫియాలో జరిగిన సమావేశానికి రోడ్ ఐలండ్ తప్ప పన్నెండు రాష్ట్రాలనుంచి 55 మంది ప్రతినిధులు వచ్చారు. మాడిసన్ ఆలోచనలే పునాదిగా వర్జీనియా ప్రవేశపెట్టిన ప్రణాళిక జనాభాను బట్టి ప్రాతినిధ్యం ఉండే జాతీయ శాసనసభను కోరింది. న్యూజెర్సీ ప్రణాళిక రాష్ట్రాల సమానత్వాన్ని నిలపాలన్నది. రాష్ట్రాల చట్టాలను అన్ని విషయాలలోనూ కొట్టివేసే అధికారం కేంద్రానికి ఉండాలని మాడిసన్ ఆశించాడు. ఆ కోరికను వాషింగ్టన్‌కు రాసిన ఉత్తరంలో ఆయన 1766లో బ్రిటిష్ పార్లమెంటు వాడిన పరిభాషలోనే వ్యక్తం చేశాడన్నది గమనించదగ్గది. సమావేశం అందుకు ఒప్పుకోలేదు. జూన్ 20న కనెక్టికట్ ప్రతినిధి ఆలివర్ ఎల్స్‌వర్త్ కోరిక మేరకు తీర్మానాలలోంచి జాతీయ ప్రభుత్వం అన్న మాటనే తొలగించారు. జూలై 16న కుదిరిన రాజీ ప్రకారం ప్రతినిధుల సభలో జనాభాను బట్టి స్థానాలు, సెనేట్‌లో ప్రతి రాష్ట్రానికీ సమాన స్థానాలు ఏర్పడ్డాయి.

సంస్థల నిర్మాణంలో ఇది రాజీయే గాని, సిద్ధాంతంలో జరిగిన మార్పు అంతకన్నా లోతైనది. ఆగస్టు 6 నాటి ముసాయిదాలో పీఠిక రాష్ట్రాల పేర్లన్నిటినీ వరసగా చెప్పి, ఆ రాష్ట్రాల ప్రజలు రాజ్యాంగాన్ని నెలకొల్పుతున్నట్టు పేర్కొన్నది. సెప్టెంబరులో తుది పాఠాన్ని దిద్దిన సంఘంలో గవర్నూర్ మోరిస్ రాష్ట్రాల పేర్లు తీసివేసి అమెరికా సంయుక్త రాష్ట్రాల ప్రజలన్న ఒక్క కర్తనే ఉంచాడు. తొమ్మిది రాష్ట్రాలు ఒప్పుకుంటే చాలునన్న నియమం ఉన్నప్పుడు ఏ తొమ్మిది ఒప్పుకుంటాయో ముందే పేర్లు రాయడం కుదరదన్న ఆచరణాత్మక కారణం ఈ మార్పు వెనక ఉన్నమాట నిజమే. అయినా ఆ మార్పు ఫలితం పెద్దది. పైగా ఆమోదం తెలపవలసింది రాష్ట్రాల శాసనసభలు కాదు, ఆ పని కోసమే ప్రజలు ఎన్నుకున్న ప్రత్యేక సభలని నిర్ణయించడంతో, కొత్త రాజ్యాంగం ప్రభుత్వాల మధ్య ఒప్పందంగా కాక ప్రజల చేతిమీదుగా వచ్చిన శాసనంగా నిలిచింది.

దీనికి తాత్త్విక వివరణ ఇచ్చినవారిలో స్కాట్లాండ్‌నుంచి వలస వచ్చి పెన్సిల్వేనియాలో స్థిరపడిన జేమ్స్ విల్సన్ అగ్రగణ్యుడు. సార్వభౌమాధికారం అవిభాజ్యమన్న బ్లాక్‌స్టోన్ మాటను ఆయన కాదనలేదు. అది పార్లమెంటులోనో, రాష్ట్ర ప్రభుత్వంలోనో, కేంద్ర ప్రభుత్వంలోనో ఉన్నదనుకోవడమే పొరపాటన్నాడు. పరమాధికారం ఎప్పుడూ ప్రజలదే. వారు దాన్ని వదులుకోకుండా, అందులోంచి కొన్ని అధికారాలను ఒక ప్రభుత్వానికీ, కొన్నిటిని మరో ప్రభుత్వానికీ అప్పగించవచ్చు, తిరిగి తీసుకోనూవచ్చు. హామిల్టన్, మాడిసన్, జాన్ జే కలిసి 1787–88లో పబ్లియస్ అన్న కలం పేరుతో రాసిన 85 ఫెడరలిస్టు వ్యాసాలలో 46వ దానిలో మాడిసన్ కూడా కేంద్రమూ రాష్ట్రాలూ ఒకే ప్రజలకు వేర్వేరు పనులమీద నియమితులైన ధర్మకర్తలని వివరించాడు. రెండు శతాబ్దాలుగా యూరపు చింతకులను కట్టిపడేసిన తర్కం ఇక్కడ వీడింది. రెండు ప్రభుత్వాలు ఒకే నేలమీద ఉండగలవు, ఎందుకంటే రెండింటిలో ఏదీ సార్వభౌమం కాదు.

అయితే ఏ ప్రజలు? దేశమంతా ఒకటిగా లెక్కించిన ప్రజలా, పదమూడు సమాజాలుగా విడివిడిగా నిలిచిన ప్రజలా? 39వ వ్యాసంలో మాడిసన్ నిజాయితీగా చెప్పిన జవాబు మిశ్రమంగానే ఉన్నది: రాజ్యాంగాన్ని ఆమోదించేది ఒక్కో రాష్ట్రంలోని ప్రజలు కనుక దాని పునాది సమాఖ్య స్వభావం కలది, అది వ్యక్తులపై నేరుగా పనిచేస్తుంది కనుక దాని అమలు జాతీయ స్వభావం కలది, ప్రతినిధుల సభ జాతీయం, సెనేట్ సమాఖ్యం, మొత్తంమీద అది పూర్తిగా ఇదీ కాదు, పూర్తిగా అదీ కాదు.

4. సందేహించినవారి వాదం

యాంటీ ఫెడరలిస్టులని పేరుపడిన రాజ్యాంగ వ్యతిరేకులను సంకుచిత ప్రాంతీయవాదులుగా కొట్టిపారేయడం చరిత్రకు అన్యాయం. 1788 జూన్‌లో వర్జీనియా సభలో పాట్రిక్ హెన్రీ, రాష్ట్రాలు అనవలసినచోట ప్రజలు అనడానికి ఫిలడెల్ఫియా ప్రతినిధులకు హక్కెవరిచ్చారని నిలదీసినప్పుడు, విషయం మర్మాన్నే పట్టుకున్నాడు. 1774లో తాను వర్జీనియావాసిని కాదు, అమెరికన్‌నని చాటిన మనిషే ఆయన. కాబట్టి ఆయన అభ్యంతరం అమెరికా అన్న భావనమీద కాదు, దూరాన ఉండే ప్రభుత్వంమీద.

ఆ దూరమే న్యూయార్క్ పత్రికలలో బ్రూటస్ అన్న మారుపేరుతో రాసిన వ్యాసకర్త వాదానికీ ఆయువుపట్టు. గణతంత్రం చిన్న ప్రదేశంలోనే బతుకుతుందని మాంటెస్క్యూ 1748లో చెప్పినదాన్ని ఆధారం చేసుకుని, ఆచారాలలో, వృత్తులలో, వాతావరణంలో ఇంత తేడా ఉన్న విశాల భూభాగాన్ని ఒకే శాసనసభ పాలిస్తే ప్రతినిధులకు ప్రజలు తెలియరు, ప్రజలకు ప్రతినిధులు తెలియరు, చివరకు సైన్యమే పాలనకు ఆధారమవుతుందని బ్రూటస్ హెచ్చరించాడు. మాడిసన్ పదో వ్యాసంలో ఇచ్చిన జవాబు ఆ తర్కాన్ని తిరగేసింది: రాజ్యం విశాలమైనకొద్దీ వర్గాలు ఎక్కువవుతాయి, ఏ ఒక్క వర్గమూ శాశ్వతమైన అధిక సంఖ్యాబలంతో ఇతరుల హక్కులు కాలరాయడం కష్టమవుతుంది. ఈ ఇద్దరి ప్రశ్నలూ ఈనాటికీ పాతబడలేదు.

జాతీయ భావన విషయంలో మాత్రం ఫెడరలిస్టుల పక్షం బలహీనమైన నేలమీద నిలబడింది. రెండో వ్యాసంలో జాన్ జే, అమెరికన్లందరూ ఒకే పూర్వీకుల సంతతి అని, ఒకే భాష, ఒకే మతం కలవారని రాశాడు. ఆయనే తండ్రివైపు ఫ్రెంచి ప్రొటెస్టెంటు శరణార్థుల, తల్లివైపు డచ్చివారి వంశస్థుడు. పెన్సిల్వేనియా జనాభాలో పెద్ద భాగం జర్మన్ మాట్లాడేవారు. 1790 జనగణన ప్రకారం దేశంలోని సుమారు 39 లక్షల మందిలో దాదాపు ఏడు లక్షల మంది బానిసలు. ఒకే రక్తమన్న ఆ వర్ణన వాస్తవం కాదు, కోరిక. అందులో ఆఫ్రికన్ సంతతివారికి, ఆదివాసి జాతులకు చోటే లేదు.

రాజ్యాంగం గట్టెక్కింది స్వల్ప తేడాలతోనే: వర్జీనియాలో 89 మంది అనుకూలం, 79 మంది వ్యతిరేకం; న్యూయార్క్‌లో 30, 27; చిట్టచివర 1790లో రోడ్ ఐలండ్‌లో 34, 32. సందేహించినవారి ఒత్తిడివల్లే 1791లో తొలి పది సవరణలు వచ్చాయి. కేంద్రానికి అప్పగించని, రాష్ట్రాలకు నిషేధించని అధికారాలు రాష్ట్రాలకు లేదా ప్రజలకు మిగిలి ఉంటాయని పదో సవరణ చెబుతుంది. అప్పగించిన అధికారాలు స్పష్టంగా రాసినవే అయి ఉండాలన్న షరతు చేర్చాలని కొందరు కోరగా, ఏ రాజ్యాంగమూ అన్ని సూక్ష్మ వివరాలనూ రాసిపెట్టలేదని మాడిసన్ వ్యతిరేకించి నెగ్గాడు. చివర ఉన్న ప్రజలు అన్న మాట మళ్లీ ఏ ప్రజలో చెప్పకుండానే మిగిలింది.

5. చేతులు మారిన సిద్ధాంతం

రాజ్యాంగం అమలులోకి వచ్చిన పదేళ్లలోపే పరీక్ష ఎదురయింది. 1798లో ఫ్రాన్స్‌తో యుద్ధ భయం నడుమ ఫెడరలిస్టు పార్టీ ఆధిక్యంలోని కాంగ్రెస్, విదేశీయులను దేశంనుంచి పంపేయడానికి అధ్యక్షునికి అధికారమిచ్చే చట్టాన్నీ, ప్రభుత్వాన్ని దురుద్దేశంతో విమర్శించినవారిని శిక్షించే రాజద్రోహ చట్టాన్నీ చేసింది. ప్రతిపక్ష పత్రికా సంపాదకులు జైలుపాలయ్యారు. అప్పుడు జెఫర్సన్ కెంటకీ శాసనసభ కోసం, మాడిసన్ వర్జీనియా శాసనసభ కోసం రహస్యంగా తీర్మానాలు రాశారు. రాజ్యాంగం రాష్ట్రాల మధ్య ఒడంబడిక అని, కేంద్రం హద్దు మీరితే ఆ సంగతి నిర్ణయించే హక్కు ఒడంబడికలోని పక్షాలకు ఉంటుందని వాటి సారాంశం. 1800లో రాసిన వివరణలో మాడిసన్ ఒక కీలకమైన విషయం స్పష్టం చేశాడు: ఇక్కడ రాష్ట్రాలంటే రాష్ట్ర ప్రభుత్వాలు కావు, తమ అత్యున్నత హోదాలో నిలిచిన ఆయా రాష్ట్రాల ప్రజలు, తీర్మానం చేసేది అభిప్రాయ ప్రకటన మాత్రమే, ప్రజాభిప్రాయాన్ని కదిలించడమే దాని ఉద్దేశం. ఆనాడు రాష్ట్రాల హక్కు పత్రికా స్వేచ్ఛకు కవచంగా పనిచేసిందని ఒప్పుకోవాలి.

తరవాతి పరిణామాలు ఈ సిద్ధాంతం ఏ ప్రాంతానికీ, ఏ పక్షానికీ సొంతం కాదని నిరూపించాయి. అధ్యక్షుడైన జెఫర్సన్ 1803లో రాజ్యాంగంలో స్పష్టమైన అనుమతి లేకున్నా లూసియానా కొనుగోలుతో దేశ విస్తీర్ణాన్ని దాదాపు రెట్టింపు చేశాడు. ఆయన 1807లో విధించిన నౌకావాణిజ్య నిషేధం, బ్రిటన్‌తో 1812 నాటి యుద్ధం న్యూ ఇంగ్లాండ్ రేవులను దెబ్బతీయగా, ఒకప్పుడు కేంద్రానికి కంచుకోట అయిన ఆ ప్రాంతపు ఫెడరలిస్టులు 1814–15లో హార్ట్‌ఫర్డ్‌లో సమావేశమై 1798 నాటి వర్జీనియా భాషనే తమ భాషగా చేసుకున్నారు. అధికారం ఎవరి చేతిలో లేదో వారు రాష్ట్రాల తలుపు తట్టడం ఆనాటి రాజకీయాలలో రివాజయింది.

సుప్రీంకోర్టులో ప్రధాన న్యాయమూర్తి అయిన మార్షల్ ఇందుకు భిన్నమైన దారిని పరిచాడు. 1819లో కేంద్ర బ్యాంకుపై మేరీలాండ్ వేసిన పన్ను చెల్లదని తీర్పునిస్తూ, రాజ్యాంగం రాష్ట్రాలనుంచి పుట్టిందన్న వాదాన్ని ఆయన తోసిపుచ్చాడు. ప్రజలు తమ తమ రాష్ట్రాలలో సమావేశమై ఆమోదించినంత మాత్రాన అది రాష్ట్ర ప్రభుత్వాల చర్య అయిపోదని, వారు సమావేశం కావడానికి వేరే చోటు లేదు గనుకనే అలా జరిగిందని ఆయన తర్కం.

6. కాల్హౌన్ తర్కం, మాడిసన్ జవాబు

1828లో దిగుమతులపై సుంకాలు విపరీతంగా పెరగడంతో దక్షిణ కరోలినాలో అసంతృప్తి చెలరేగింది. అప్పటి ఉపాధ్యక్షుడు జాన్ కాల్హౌన్ పేరు చెప్పకుండా రాసిన పత్రం నలిఫికేషన్, అంటే కేంద్ర చట్టాన్ని తన సరిహద్దులలో చెల్లకుండా చేసే హక్కు రాష్ట్రానికి ఉన్నదన్న సిద్ధాంతాన్ని వివరించింది. ఒక రాష్ట్రం ప్రత్యేక సభను పిలిచి చట్టాన్ని నిరాకరిస్తే, నాలుగింట మూడు వంతుల రాష్ట్రాలు రాజ్యాంగ సవరణ ద్వారా ఆ అధికారాన్ని కేంద్రానికి కట్టబెట్టేదాకా ఆ నిరాకరణ నిలుస్తుందని దాని సారం. సార్వభౌమాధికారాన్ని విడదీయలేమన్న బోడిన్ సూత్రం ఇక్కడ తిరిగి వచ్చి రాష్ట్ర ప్రజలమీద వాలింది. మిశ్రమ వ్యవస్థ అన్న మాడిసన్ భావనకు కాల్హౌన్ తర్కంలో చోటు లేదు.

1830 జనవరిలో సెనేట్‌లో దక్షిణ కరోలినాకు చెందిన రాబర్ట్ హేన్‌తో జరిగిన వాదంలో డేనియల్ వెబ్‌స్టర్, రాజ్యాంగం యావత్ ప్రజలు చేసుకున్నదని, స్వేచ్ఛ, ఐక్యత విడదీయరానివని వాదించి ఒక తరానికి జాతీయ భావన పాఠం చెప్పాడు. దాదాపు ఎనభై ఏళ్ల మాడిసన్ అదే ఏడాది ఎడ్వర్డ్ ఎవరెట్‌కు రాసిన ఉత్తరం ప్రచురణకెక్కింది. 1798 తీర్మానాలు ఏ ఒక్క రాష్ట్రానికీ చట్టాన్ని ఆపే హక్కు ఇవ్వలేదని, రాజ్యాంగం ఆయా రాష్ట్రాల ప్రజలు తమ అత్యున్నత హోదాలో చేసుకుని, కొన్ని ప్రయోజనాలకు తమను ఒకే ప్రజగా మార్చుకున్న ఒడంబడిక కనుక ఏ ఒక్క రాష్ట్రమూ తన ఇష్టప్రకారం దాన్ని మార్చలేదని ఆయన తేల్చి చెప్పాడు. 1832 నవంబరులో దక్షిణ కరోలినా సభ సుంకాల చట్టాలు చెల్లవని ప్రకటించగా, డిసెంబరు 10న అధ్యక్షుడు ఆండ్రూ జాక్సన్ ఆ చర్యను ఐక్యతకు పొసగనిదిగా ఖండించాడు. 1833 మార్చిలో సుంకాలు తగ్గించే చట్టం, బలప్రయోగానికి అనుమతించే చట్టం రెండూ వచ్చి సంక్షోభం సద్దుమణిగింది.

సుంకం సందర్భమే గాని అసలు కారణం కాదని కాల్హౌనే 1830లో ఒక ఉత్తరంలో ఒప్పుకున్నాడు. దక్షిణాది రాష్ట్రాల విలక్షణమైన అంతర్గత వ్యవస్థే, అంటే బానిసత్వమే, ఆయన మనసులో ఉన్న విషయం. జనాభాలో సగానికి పైగా బానిసలుగా ఉన్న రాష్ట్రంలో, ప్రజల సార్వభౌమత్వం పేరిట రూపుదిద్దుకున్న ఆ సిద్ధాంతంలో ప్రజలుగా లెక్కకు వచ్చింది మిగిలినవారిలోని తెల్లజాతి వయోజన పురుషులు మాత్రమే.

7. లెక్కలోకి రాని ప్రజలు

ఈ మినహాయింపు దక్షిణ కరోలినాకే పరిమితం కాదు. 1787 రాజ్యాంగం ప్రాతినిధ్యం లెక్కించేటప్పుడు బానిసలలో అయిదింట మూడు వంతుల సంఖ్యను కలిపింది, తద్వారా వారి యజమానుల ఓటు బలం పెంచింది. 1790 పౌరసత్వ చట్టం వలస వచ్చినవారిలో స్వేచ్ఛగల తెల్లవారికే పౌరసత్వానికి దారి తెరిచింది. జార్జియాలో చెరోకీలు 1827లో లిఖిత రాజ్యాంగం చేసుకుని తాము కూడా ఒక జాతియని ప్రకటించగా, జార్జియా తన రాష్ట్ర సార్వభౌమత్వం పేరుతో వారి నేలమీద తన చట్టాలను రుద్దింది. 1832లో మార్షల్ కోర్టు జార్జియా చట్టాలు అక్కడ చెల్లవని తీర్పిచ్చింది. దక్షిణ కరోలినా కేంద్రాన్ని ధిక్కరించినప్పుడు గర్జించిన జాక్సన్, సుప్రీంకోర్టును జార్జియా ధిక్కరించినప్పుడు చూస్తూ ఊరుకున్నాడు. 1838లో సైన్యం చెరోకీలను వారి నేలనుంచి వెళ్లగొట్టింది.

అదే సమయంలో అమెరికన్ అన్న గుర్తింపును అత్యంత గంభీరంగా అడిగినవారు దానికి దూరంగా నెట్టబడినవారే. స్వేచ్ఛగల నల్లవారిని ఆఫ్రికాకు పంపించే పథకం వచ్చినప్పుడు, 1817లో ఫిలడెల్ఫియాలో జేమ్స్ ఫోర్టెన్, రిచర్డ్ అలెన్ వంటివారి ఆధ్వర్యంలో బెథెల్ చర్చిలో వేలాది మంది సమావేశమై ఇది తమ పూర్వీకుల చెమటతో పండిన నేల అని, తాము ఎక్కడికీ వెళ్లబోమని చాటారు. జాన్ జే ఊహించిన రక్తబంధం కాకుండా, చేసిన శ్రమ, పొందిన జన్మ, నమ్మిన సూత్రం ఆధారంగా జాతీయతను నిర్వచించినది ఆ సభ. జాతీయ భావన విషయంలో ఫెడరలిస్టు వ్యాసాలు చేరుకోలేని చోటికి వారు చేరుకున్నారు.

1850 తరవాతి దశాబ్దం ఈ ఉపన్యాసం ప్రతిపాదనకు గట్టి రుజువు. పారిపోయిన బానిసలను పట్టి అప్పగించాలన్న కేంద్ర చట్టాన్ని దక్షిణాది కోరి తెచ్చుకున్నది. దాన్ని అడ్డుకోవడానికి ఉత్తరాది రాష్ట్రాలు తమ సొంత చట్టాలు చేశాయి, విస్కాన్సిన్ ఉన్నత న్యాయస్థానం ఆ కేంద్ర చట్టం చెల్లదన్నది, 1859లో సుప్రీంకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టివేసింది. 1860 డిసెంబరులో సమాఖ్యనుంచి విడిపోతూ దక్షిణ కరోలినా చేసిన ప్రకటన, ఉత్తరాది రాష్ట్రాలు కేంద్ర చట్టాన్ని పాటించలేదన్న ఫిర్యాదుతో నిండి ఉన్నది. రాష్ట్రాల హక్కుకు అది పతాక అని చెప్పుకునేవారు మరచిపోయే విషయమిది.

8. భారత రాజ్యాంగ నిర్మాతలు గ్రహించిన పాఠం

1861లో మొదలైన ఆ అంతర్యుద్ధం తరవాత 1868లో వచ్చిన పద్నాలుగో సవరణ, 1787లో చెప్పకుండా వదిలేసినదాన్ని చెప్పింది: అమెరికా గడ్డమీద పుట్టి దాని న్యాయపరిధిలో ఉన్నవారు ముందు దేశ పౌరులు, ఆ తరవాత తాము నివసించే రాష్ట్రపు పౌరులు. సమాఖ్యనూ, రాష్ట్రాలనూ రెండింటినీ నాశనం చేయలేమని సుప్రీంకోర్టు 1869లో టెక్సాస్ కేసులో తీర్పిచ్చింది. ఈ చరిత్ర భారత రాజ్యాంగ సభకు బాగా తెలుసు. 1948 నవంబరు 4న ముసాయిదాను ప్రవేశపెడుతూ డాక్టర్ అంబేద్కర్, భారత సమాఖ్య రాష్ట్రాల ఒప్పందంతో ఏర్పడింది కాదు కనుక ఏ రాష్ట్రానికీ విడిపోయే హక్కు లేదని, అమెరికన్లు అంతర్యుద్ధం చేసి తేల్చుకున్న విషయాన్ని ముందే స్పష్టం చేయడం మేలని వివరించారు. అమెరికా రాజ్యాంగం ప్రకారం ఒక రాష్ట్ర శాసనసభ సమ్మతి లేకుండా దాని భూభాగాన్ని విడదీయరాదు. భారత రాజ్యాంగం మూడో అధికరణం ప్రకారం పార్లమెంటు రాష్ట్ర శాసనసభ అభిప్రాయం తీసుకుంటుంది గాని దానికి కట్టుబడదు. 1953లో ఆంధ్ర రాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్, 2014లో తెలంగాణ ఏర్పడిన రాజ్యాంగ మార్గం ఇదే. తెలుగువారు ఈ మార్గాన్ని మూడుసార్లు అనుభవంలో తెలుసుకున్నారు గనుక, సరిహద్దులు మారినా పౌరసత్వం మారని వ్యవస్థ విలువ వారికి వేరుగా చెప్పనక్కరలేదు. రాష్ట్ర సభ మాటకు తుది విలువ లేని చోట ప్రజల సమ్మతిని ఎలా కూడగట్టాలన్న ప్రశ్న బరువూ వారికి తెలుసు.

తొలినాటి అమెరికా చింతకులు మానవజాతికి ఇచ్చిన గొప్ప కానుక, ఏ ప్రభుత్వమూ సార్వభౌమం కాదన్న సూత్రం. వారు చేసిన గొప్ప అపచారం, ఆ సూత్రానికి కర్తలైన ప్రజలలోంచి తమ పొలాలు దున్నినవారిని, తమకన్నా ముందు ఆ నేలమీద ఉన్నవారిని, తమ ఇళ్లలోని స్త్రీలను పక్కన పెట్టడం. పత్రికా స్వేచ్ఛను కాపాడిన రాష్ట్రాల హక్కే బానిసత్వాన్నీ కాపాడింది; బానిసలను వేటాడిన జాతీయ అధికారమే తరవాత వారిని పౌరులుగా గుర్తించింది. కాబట్టి సమాఖ్య దేశాలలో కేంద్రం బలంగా ఉండాలా, రాష్ట్రాలు బలంగా ఉండాలా అన్న వాదం వచ్చిన ప్రతిసారీ, ఆ బలం ఎవరి తరఫున నిలబడుతున్నదో, ఎవరిని లెక్కలోంచి తప్పిస్తున్నదో ముందుగా అడగడం పౌరుల బాధ్యత. ఆ ప్రశ్న అడగకుండా సార్వభౌమత్వం గురించి చేసే వాదం ఎంత పాండిత్యంతో కూడినదైనా అసంపూర్ణమే.